చెవుల లెక్క

పోయిన వానాకాలం మా ఆడబిడ్డ కొడుకు గొర్రెల మంద మీద పిడుగు పడింది. పదకొండు గొర్రెలు ఒక్క దెబ్బకు పోయాయి. పరామర్శకు నేనూ వెళ్లాను. వాటిని ఇంటి ముందు వరసగా పడుకోబెట్టారు. పశువుల ఆసుపత్రి నుంచి వచ్చిన అతను సెల్‌ఫోన్ పట్టుకుని ఫొటోలు తీస్తున్నాడు. చచ్చిన గొర్రె మొహం, దాని చెవి, చెవికి కుట్టిన పసుపుపచ్చ బిళ్ల, పక్కన గొర్రె తాలూకు మనిషి, అందరూ ఒకే ఫొటోలో పడాలట. రెండు గొర్రెలకు బిళ్లలు లేవు, ఏ తుమ్మకంపకో తగిలి ఎప్పుడో ఊడిపోయాయి. వాటికి సాయం రాదని, చెవి సాక్ష్యం లేదని అతను నెమ్మదిగా, పెద్దమనిషి తరహాలో చెప్పాడు. అంతే, నాకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. అంత నష్టం జరిగిన ఇంట్లో నవ్వే ముసలిదాన్ని ఎవరు హర్షిస్తారు? మా ఆడబిడ్డ నన్ను లోపలికి తీసుకుపోయి మంచినీళ్లిచ్చి, అన్న పోయిన దగ్గర్నుంచి వదినకు మనసు సరిగా ఉండటం లేదని అందరికీ సర్దిచెప్పింది. ఆ సాకుతో బయటపడ్డాను. కానీ నేను నవ్వింది మతి తప్పి కాదు. చెవిని సాక్ష్యం అడిగిన ప్రభుత్వాన్ని నేను ఇదివరకే ఒకసారి చూశాను. ఆ చెవుల రిజిస్టరు నా చేత్తోనే రాశాను.

మా ఆయన పశువుల డాక్టరు. డెబ్బైలలో ఒమాన్‌లో అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. రోడ్లు, బడులు, ఆసుపత్రులు, అవన్నీ ఉంటే మేం మాత్రం వద్దా అన్నట్టు ఆఫీసులు. కొండల అవతల ఒక ఊళ్లో పశువుల దవాఖానా తెరుస్తూ దానికి కరీంనగర్ నుంచి మా ఆయన్ని పిలిపించుకున్నారు. ఆయన వెళ్లిన ఏడాదికి నేనూ వెళ్లాను. మావాళ్లంతా సులోచన దుబాయి పోయిందన్నారు. మావైపు గల్ఫ్‌లో ఏ దేశం వెళ్లినా దుబాయే. విమానం దిగి, రాజధాని పక్కనున్న రూవిలో ఒక తెలిసినవాళ్ల గదిలో ఆ రాత్రి తల దాచుకుని, తెల్లారి ఆఫీసు ల్యాండ్‌రోవర్‌లో బయలుదేరాం. డ్రైవర్ ఖాదర్ బాషా, కడపవాడు, నలభై దాటిన మనిషి. మాకంటే ముందే వచ్చి అరబ్బీ ధారాళంగా నేర్చుకున్నాడు. ఎండిపోయిన వాగుల్లో రాళ్ల మీద రోజంతా ఎగిరెగిరి పడుతూ ప్రయాణం. మధ్యలో ఒకచోట బండి ఆపి, "ఇంగ రోడ్డు అయిపోయిందమ్మా" అన్నాడు. అప్పటిదాకా వచ్చింది రోడ్డు మీద అని నాకు అప్పుడే తెలిసింది.

మట్టి ఇటుకల ఇల్లు, రెండు గదులు. ముందు గది దవాఖానా, వెనక గది సంసారం. దవాఖానాకు కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్ ఇచ్చారు. ముందు గదిలో చోటు లేక దాన్ని నా వంటింట్లో పెట్టారు. పై అర టీకా మందులకు, కింది అర నా పెరుగుకు. ప్రభుత్వపు సొత్తు కనుక చల్లదనంలో మొదటి వాటా టీకాలదే. నా పెరుగు మిగిలిన చల్లదనంతో సరిపెట్టుకుని మధ్యాహ్నానికి పులిసిపోయేది. ఇల్లంతా ఫినాయిలు, మేక, ఎండుచేపల కలగలుపు వాసన. ఎండుచేపలు మావి కావు, మేకలవి. గడ్డి దొరకని ఆ దేశంలో సముద్రం దగ్గర నుంచి ఎండబెట్టిన చిన్న చేపలు తెచ్చి మేకలకు పెట్టేవాళ్లు. మొదటిసారి ఆ పాలతో టీ పెట్టినప్పుడు చేపల పులుసులో చక్కెర కలిపినట్టుంది. మా ఆయన గుటకేసి, బాగుందన్నాడు. ఆయన దేన్నయినా బాగుందనే అనేవాడు. ఆ గుణం వల్లనే నాలుగేళ్లు అక్కడ ఉద్యోగం చేయగలిగాడు.

మా గోడకు ఆనుకున్న ఇల్లు మౌజా అవ్వది. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు కలగలేదు. ఉన్నవి ఇరవై రెండు మేకలు. మొహానికి నీలిమందు అద్దిన ముసుగు కట్టుకునేది. ఇంట్లో అది తీసినప్పుడు ముక్కు మీదా బుగ్గల మీదా నీలం మరకలుండేవి. పొద్దున్నే ఖాళీ నీళ్లకుండ బోర్లించి దానికి సాంబ్రాణి పొగ పట్టించేది. ఆ కుండలో నీళ్లు తాగితే పూజగది తాగినట్టుండేది. నన్ను మొదటి రోజే కాఫీకి పిలిచింది. పాలూ చక్కెరా లేని కాఫీ, ఏలకుల ఘాటు, చేతిలో పట్టీపట్టనంత చిన్న గిన్నె. తాగగానే మళ్లీ పోసింది. మళ్లీ తాగాను. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపి ఇవ్వాలట, అది ఊపనంతసేపు పోస్తూనే ఉండటం మర్యాద. ఆ సంగతి నాకు చెప్పినవాళ్లు లేరు. పోసినదాన్ని వద్దనకుండా తాగటం నాకు మర్యాద. అట్లా ఇద్దరం మర్యాదస్తులం కూర్చుని పదకొండు గిన్నెలు పూర్తి చేశాం. పన్నెండోది పోస్తూ ఆమెకే అనుమానం వచ్చి నా చేతిలో గిన్నెను తనే ఊపింది.

నాకు అరబ్బీ నేర్పింది ఆమె. పుస్తకం లేదు, పలక లేదు, మేకలే పాఠం. ఒక్కొక్కదాన్నీ చూపించి పేరు చెప్పేది. నల్లది సమ్రా. కళ్లు పెద్దవిగా ఉండేది గజాలా. ముడుచుకున్న మొహంతో ఎండు నిమ్మకాయలా ఉండే ముసలి మేక లూమీ. అది ఎవరి కూతురు, ఎప్పుడు ఈనింది, ఎవరిని పొడిచింది, దానికి ఏం ఇష్టం, అన్నీ చెప్పేది. నేను నోట్‌బుక్‌లో తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. ఇవాళ ఎవరికి పిల్ల పుట్టింది, ఎవరికి కాలు బెణికింది, అన్నీ అరబ్బీ మాటల్లోనే, తెలుగు లిపిలో. ఆమె నన్ను బింతీ అని పిలిచేది, అంటే బిడ్డా అని. అందుకేనేమో, ఆమె మాటలు నాకిప్పుడు అరబ్బీలో గుర్తుకు రావు. మా కరీంనగర్ మాటలోనే వినబడతాయి.

తర్వాత వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు పోయింది, రెండో ఏడూ పోయింది. ఊరికి ప్రాణమైన కాలువ నీళ్లు ముందు ఖర్జూరపు తోటలకు, తర్వాత తాగటానికి మాత్రమే అన్నారు. చెట్ల ఆకులు చేతికందినంత మేర దూసేశారు. ఎండుచేపల ధర చూసి మనుషులే తినడం మానేస్తే మేకలకు ఎవరు పెడతారు? మౌజా అవ్వ మేకలు ఒకటొకటిగా పడిపోవడం మొదలైంది. మా ఆయన సూదిమందు ఇస్తుంటే నేను తల పట్టుకునేదాన్ని. ఆకలికి సూదిమందు లేదని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా డాక్టరు వచ్చాడు, ఏదో పొడిచాడు అన్న తృప్తి మిగలాలి కదా. ఏదైనా చచ్చిపోతే నేను ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని, ఆమె కూలిమనిషి చేత వాగులోకి మోయించి, నక్కలు పీక్కుతినకుండా పైన రాళ్లు పేర్పించేది. మూడు తప్ప అన్నీ ఆ రాళ్ల కిందికే వెళ్లాయి.

అవన్నీ వెళ్లాక, రాజధాని నుంచి అత్యవసర సాయం ప్రకటన వచ్చింది. అత్యవసరం అన్న మాట కింద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రెండేసి గీతలు గీసి ఉన్నాయి. కరువుకు చనిపోయిన ప్రతి పశువుకూ ఇంత అని నగదు ఇస్తారు. సాక్ష్యంగా చెవి తేవాలి. ఆ నియమం పెట్టినవాడు తెలివితక్కువవాడేమీ కాదు. అక్కడ ఒక్కో కుటుంబం తమ మేకల చెవిని ఒక్కో తీరుగా గంటు పెట్టి గుర్తు చేసుకుంటుంది. చెవి చూస్తే మేక ఎవరిదో తెలిసిపోతుంది. పాపం, అతనికి మేకల గురించి అంతా తెలుసు. మనుషుల గురించి తెలియకపోవడం ఒక్కటే లోపం. మొదటి వారం జనం రెండు చెవులూ తెచ్చారు, ఒక్కో మేక రెండుసార్లు చచ్చిపోయింది. రెండో వారం కుడి చెవి మాత్రమే అని సవరణ వచ్చింది. కుడి అంటే మేకకు కుడివైపా, ఎదురుగా నిలబడ్డ డాక్టరుకు కుడివైపా అన్నదాని మీద ఒక పూట చర్చ జరిగింది. మేక తరఫునే తీర్పు వచ్చింది.

మంగళవారం చెవుల రోజు. మా ఆయన చెవి చూసి గంటు గుర్తుపట్టి పేరు చెప్పేవాడు, ఇంగ్లీషు చేతిరాత బాగుంటుందని నేను రిజిస్టరు రాసేదాన్ని. జీతం లేదు, గౌరవం ఉంది. ఇరవై మూడేళ్ల వయసులో గౌరవం బాగా ఎక్కుతుంది. వరసలో నిలబడ్డ గడ్డాల పెద్దమనుషులు నా కలం కదిలేదాకా ఊపిరి బిగబట్టేవాళ్లు. రాసిన చెవులను వరండాలో తీగకు గుచ్చి ఆరబెట్టేవాళ్లు, పై ఆఫీసు తనిఖీ కోసం. మధ్యాహ్నం ఎండకు ఆ తీగ నుంచి వచ్చే వాసన నా వంటింట్లోకి, నా పెరుగులోకి, నా చీర మడతల్లోకి దిగేది. అయినా నేను ముక్కు మూసుకోలేదు. ప్రభుత్వ కార్యం.

ఒక మంగళవారం మౌజా అవ్వ వచ్చింది. ఇంటిపక్కనే ఉన్నా వరసలో నిలబడి, తన వంతు వచ్చాక బల్ల మీద గోనెసంచి కుమ్మరించింది. కొమ్ములు. వాగులోకి వెళ్లి రాళ్లు తీయించి చూసిందట. చెవులు ఎండకు, చీమలకు ఎప్పుడో పోయాయి. ఎముకలూ కొమ్ములూ మిగిలాయి. ఒక్కొక్క జతా దారంతో కట్టి తెచ్చింది, పందొమ్మిది జతలు. మా ఆయన గోడవైపు చూశాడు. ఆమె నావైపు చూసింది. ఆ మేకల తలలు నేను ఒళ్లో పట్టుకున్నదాన్ని. వాటి పేర్లు రాసుకున్నదాన్ని. నేను నిటారుగా కూర్చుని, రిజిస్టరు మీద వేలు పెట్టి, అరబ్బీలో చెప్పాను: "కొమ్ము చెవి కాదు." వ్యాకరణం తప్పు లేకుండా నేను అరబ్బీలో పలికిన మొదటి పూర్తి వాక్యం అదే.

ఆమె కోప్పడలేదు. కొమ్ములన్నీ మళ్లీ సంచిలో వేసుకుంది. ఒక జత కింద పడితే వంగి తీసుకుంది. పోతూ పోతూ, "నువ్వు చూసినవు గద బిడ్డా" అంది, అంతే. మర్నాటి నుంచి కాఫీకి పిలుపు లేదు. సాంబ్రాణి పొగ గోడ మీద నుంచి వచ్చేది, మనిషి వచ్చేది కాదు. ఉన్న ఇల్లు మరిదికి వదిలేసి, సముద్రం ఒడ్డున ఉన్న మేనకోడలి ఇంటికి వెళ్లిపోతుందని ఖాదర్ బాషా చెప్పాడు. ఆ మేనకోడలికి ఈమె అంటే గిట్టదట. ఆ వయసులో ఒకరింట్లో మూలన కూర్చుని పెట్టింది తినడం ఎలా ఉంటుందో అప్పుడు నాకు తెలియదు. నేను రూలు పాటించానని నాకు నేను రోజుకు నాలుగుసార్లు చెప్పుకునేదాన్ని. నాలుగుసార్లు చెప్పుకోవలసి వచ్చిందంటేనే అర్థం చేసుకోవాలి.

చిన్నప్పుడు నేను గొంతెత్తితే మా అమ్మ, చెవి కోసిన మేకలా అరవకే అని తిట్టేది. ఆ మాట వెయ్యిసార్లు విన్నాను గాని చెవి కోస్తే మేక ఎలా అరుస్తుందో వినలేదు. ఆ రోజుల్లో సోమవారాలు మధ్యాహ్నం ఊళ్లో అక్కడా ఇక్కడా మేకల అరుపులు వినబడేవి. పండుగ ఏదైనా వస్తోందేమో అనుకునేదాన్ని. ఒకరోజు కాలువ దగ్గర బట్టలు ఉతుకుతుంటే ఒక మేక వచ్చి నీళ్లు తాగింది. దానికి కుడి చెవి లేదు. కోసినచోట పసుపు ముద్ద మెత్తారు. కాసేపటికి ఇంకొకటి వచ్చింది, దానికీ లేదు. మూడోదాన్ని చూశాక, మిగిలిన చెవి గంటును బట్టి ఎవరివో గుర్తుపట్టి, బట్టలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చి రిజిస్టరు తీశాను. ఆ మూడూ నా అందమైన చేతిరాతలో చచ్చిపోయి ఉన్నాయి.

మా ఆయన్ని అడిగాను. ఆయన అన్నం కలుపుతూ ఉన్నాడు, ఆపలేదు.

"నాకు తెల్వదా? పశువుల డాక్టర్ని. వారం కింద సచ్చిన చెవికీ పొద్దున కోసిన చెవికీ తేడా తెల్వదా?"

"తెలిసే సంతకం పెడుతున్నరా?"

"ఆ మేకలు గూడ వచ్చే నెల సచ్చేటియే. చెవి జెర ముందుగాల వచ్చింది. ఆళ్ల పిల్లలు తినద్దా?"

నేను మౌజా అవ్వ సంగతి ఎత్తాను. ఫారంలో చెవికి తప్ప దేనికీ గడి లేదన్నాడు. కాంట్రాక్టు రెన్యువల్ కాగితం వచ్చే నెల వస్తుందన్నాడు. ఆ రెండు వాక్యాలకూ మధ్య సంబంధం ఏమిటో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎంతైనా మేం చదువుకున్నవాళ్లం.

చెవులు తీగ మీద పట్టనంత అయ్యాక రాజధానికి అనుమానం వచ్చింది. ఆ లోయలో ఎన్నడూ లేనన్ని మేకలు చచ్చిపోయాయి మరి. విచారణకు ముదీర్ వచ్చాడు, ముదీర్ అంటే పై అధికారి. ముప్ఫై ఏళ్లుంటాయి. జాంజిబార్‌కు వలసపోయిన ఒమానీ కుటుంబంలో పుట్టి పెరిగి, సొంత దేశానికి కొత్తగా తిరిగొచ్చినవాడు. ఇంగ్లీషు చక్కగా మాట్లాడేవాడు, అరబ్బీ మాత్రం నాలాగే వెతుక్కుంటూ మాట్లాడేవాడు. అతను వచ్చిన రోజు పొద్దున నేను మౌజా అవ్వ గుమ్మం ముందు నిలబడ్డాను. నోట్‌బుక్ చేతిలో ఉంది. సామాన్లు అప్పటికే రెండు మూటలుగా కట్టి ఉన్నాయి. క్షమించమని ఎలా చెప్పాలో ఆమె నాకు నేర్పలేదు, పాఠం అంతదాకా రాలేదు. సంచి తీసుకుని రమ్మని సైగ చేశాను. ఆమె నా మొహం చాలాసేపు చూసి, ముసుగు కట్టుకుని, సంచి భుజాన వేసుకుంది.

ముదీర్ కొమ్ములు చూశాడు. రూల్లో చెవి అని ఉందన్నాడు. నేను నోట్‌బుక్ ముందు పెట్టి, అందులో ప్రతి మేక పేరూ, అది చచ్చిన రోజూ ఉన్నాయని ఇంగ్లీషులో చెప్పాను. అతను అటు తిప్పి ఇటు తిప్పి, తలకిందులుగా పట్టుకుని, ఇది ఏ భాష అని అడిగాడు. సాక్ష్యం డాక్టరు భార్య చదివితే చెల్లదట, సంతకం పెట్టేది డాక్టరు కనుక. ఇంకెవరైనా చదవాలి. ఆ లోయ మొత్తం వెతికినా తెలుగువాళ్లం ముగ్గురమే. అందరం ఖాదర్ బాషా వైపు చూశాం. ఖాదర్ బాషా తెలుగు బ్రహ్మాండంగా మాట్లాడతాడు. చదువుకున్నది మాత్రం మదర్సాలో ఉర్దూ. తెలుగులో ఒక్క అక్షరం రాదు. ఆ సంగతి మా ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

అతను జేబులోంచి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. నోట్‌బుక్ అందుకుని గొంతు సవరించుకున్నాడు. "సమ్రా" అన్నాడు, చదివినట్టుగానే. మౌజా అవ్వ ఇంట్లో కాఫీ తాగినవాడే, కొన్ని పేర్లు తెలుసు. సమ్రా, లూమీ, ఇంకో నాలుగు చెప్పి ఆగిపోయాడు. నావైపు చూసి మెల్లగా, "ఈడ సిరా చెదిరిపోయిందమ్మా" అన్నాడు. అప్పుడు మౌజా అవ్వ అందుకుంది. ఒక్కొక్క పేరూ చెప్పి, అది ఎవరి కూతురో, ఏ పూట పడిపోయిందో, చివరికి ఏం తిందో చెప్పింది. ఒకదానికి తన ఖర్జూరపు ఆకుల చాప చింపి పెట్టిందట, అది నమిలి నమిలి మింగలేక చూస్తూ ఉండిపోయిందట. ఒక్కో పేరుకూ ఒక జత కొమ్ములు బల్ల మీద పెట్టింది. ఖాదర్ బాషా అవునవునని తలూపుతూ పేజీలు తిప్పుతున్నాడు, కుడి నుంచి ఎడమకు, ఉర్దూ పుస్తకం తిప్పినట్టు. ముదీర్ ఆ చేతివైపు చూశాడు. నేను ఆ నోట్‌బుక్‌ను ఏ వైపు నుంచి తెరిచి చూపించానో అతను అంతకుముందే చూశాడు. కలం ఒక క్షణం ఆగింది. తర్వాత రాసుకుంటూ పోయాడు.

గజాలా పేరు వచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది రాయకు. అది కరువుకు సావలే. పండుగకు నేనే కోయించిన. తల గూడ ఆ రాళ్ల కిందనే వేయించిన, కొమ్ములు మిగతావాటితోని కలిసి వచ్చినయి."

ముదీర్ కలం కింద పెట్టాడు. అన్ని మంగళవారాల్లో ఒక మేకను లెక్కలోంచి తీసెయ్యమన్న మనిషిని నేనూ అదే మొదటిసారి చూడటం. అతను మా ఆయనవైపు తిరిగి, ఈ మేకలను మీరు చూశారా అని అడిగాడు. మా ఆయన నిలబడ్డాడు. చాలావాటికి తానే వైద్యం చేశానన్నాడు. మరి ఎందుకు రాయలేదంటే, "ఫారంలో గడి లేదు సార్" అన్నాడు, తర్వాత ఇంకొంచెం గట్టిగా, "నాకు ధైర్యమూ లేదు" అన్నాడు. ఆయన మీద నాకు గౌరవం కలిగిన సందర్భాలు కాపురంలో చాలా ఉన్నాయి. ఇంగ్లీషులో కలిగింది అదొక్కసారే.

పద్దెనిమిది మేకలకు సాయం మంజూరైంది. దాంతోపాటు ముదీర్ ఇంకో మాట చెప్పి వెళ్లాడు. నెల తిరిగేసరికి మళ్లీ వస్తాడు, ఇల్లిల్లూ తిరుగుతాడు, చెవులిచ్చి సాయం తీసుకున్నవాళ్ల ఇంట్లో ఒంటిచెవి మేక బతికుండి కనిపిస్తే తీసుకున్నదంతా తిరిగి కట్టాలి. ఆ మాట లోయలో గాలికంటే వేగంగా తిరిగింది. అప్పటిదాకా ఇంటికి లక్ష్మిలాంటి మేక ఒక్కసారిగా దొంగసొత్తు అయిపోయింది. అమ్ముదామంటే కొనేవాడు లేడు, కొన్నవాడి ఇంట్లో ఉన్నా నేరమే కదా. కోద్దామంటే ఎముకల మీద మాంసం లేదు. కొండల్లోకి తోలితే సాయంత్రానికి తిరిగొచ్చి గుమ్మం ముందు నిలబడి అరుస్తుంది. మేకకు ఇల్లు తెలుసు, రూలు తెలియదు.

మౌజా అవ్వ మాత్రం చేతిలో నగదు పెట్టుకుని తాపీగా ఇల్లిల్లూ తిరిగింది. ఒక్క చెవి కూడా ఇవ్వని మనిషి ఇంట్లో ఒంటిచెవి మేక ఉంటే అది నేరం కాదు. ఊళ్లో అటువంటి మనిషి ఆమె ఒక్కతే. గీచి గీచి బేరం చేసింది. ఒకరి దగ్గర మేకతోపాటు మేత గంప కూడా రాయించుకుంది. కరువుకు తట్టుకుని ఊళ్లో మిగిలిన పన్నెండు ఒంటిచెవి మేకలు, వాటికి తినడానికి ఎండుచేపల మూటలు, అన్నీ ఆ డబ్బులోనే వచ్చాయి. కట్టిన సామాన్ల మూటలు విప్పేసింది. మర్నాడు పొద్దున గోడ మీద నుంచి నా పేరు పెట్టి పిలిచింది. నేను వెళ్లి కూర్చున్నాను. ఇద్దరం ఆ మంగళవారం ఊసెత్తలేదు. ఆమె పోసింది, నేను తాగాను. గిన్నె ఊపడానికి భయమేసి ఎంతసేపు తాగానో గుర్తులేదు.

నెలకు ముదీర్ వచ్చాడు. ఊరంతా రెండు చెవుల మేకలే, చక్కగా కడిగినట్టున్నాయి. మౌజా అవ్వ దొడ్లో పన్నెండు ఒంటిచెవి మేకలు వరసగా నిలబడి అతనివైపు చూశాయి. ఇవెక్కడివి అని అడిగాడు. కొన్నానంది. ఎవరి దగ్గర అన్నాడు. అతని తడబాటు అరబ్బీని ఖాదర్ బాషా సరిచేసి చెప్పేలోపే ఆమె జవాబు చెప్పింది.

"అమ్మినోళ్ల పేర్లు నాకెందుకు? మేకల పేర్లు గావాల్నంటే చెప్త, రాసుకో."

ముదీర్ మా ఆయన్ని చూశాడు. మా ఆయన కొండలవైపు చూశాడు. తర్వాత ముదీర్ చాప మీద కూర్చుని మూడు గిన్నెల కాఫీ తాగి వెళ్లిపోయాడు. అతను ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. డబ్బు వెనక్కి కట్టమని ఎవరికీ కాగితం రాలేదు. మా ఆయన కాంట్రాక్టు మాత్రం రెన్యువల్ అయింది. పని నిదానంగా, నమ్మకంగా చేస్తాడని పై ఆఫీసు రాసింది. ఆ శీతాకాలం వాన పడింది. అత్యవసర మేత లారీలు కూడా ఆ వానలోనే వచ్చి వాగులో దిగబడ్డాయి. గడ్డి మూటలను గడ్డి మొలిచిన నేల మీద దించి వెళ్లారు.

ఇప్పుడు అన్నీ సులువైపోయాయి. మా ఆడబిడ్డ కొడుకుకు తొమ్మిది గొర్రెల డబ్బు ఫోన్‌లోనే వచ్చింది. ఎవరి ముందూ నిలబడలేదు, ఎవరూ వచ్చి కూర్చోలేదు. ఆ రెండు గొర్రెల గురించి అడగడానికి పోతే, చెప్పుకోవడానికి ఆఫీసులో మనిషి లేడు, నొక్కడానికి అంకెలున్నాయి. తెలుగుకు ఒకటి నొక్కాలి. అప్పటి కంటే ఇప్పుడు మోసం తగ్గిందనే అంటారు, నిజమే అయి ఉంటుంది. ఆ ఫోన్ ముందు కళ్లజోడు తుడుచుకుని అబద్ధం చదవటం కుదరదు. ఆ అబద్ధాన్ని చూసి తల వంచుకుని రాసుకోవటమూ కుదరదు. ఆ రోజులు మంచివని నేననను. వరండాలో చెవుల తీగ వాసన చూసినవాళ్లెవరూ అనరు. మా ఆయనైతే బతికున్నన్నాళ్లూ ఎవరైనా అడిగితే, ఒమాన్ బాగుందనే చెప్పాడు.

మేం తిరిగొచ్చేసే రోజు పొద్దున మౌజా అవ్వ నన్ను దొడ్లోకి తీసుకెళ్లింది. ఆ పన్నెండింటికీ కొత్త పేర్లు పెట్టింది, అంతకుముందు నేను అడగలేదు. ఒక్కొక్కదాన్నీ చూపించి చెబుతూ, గోధుమరంగు మేక దగ్గర ఆగి, దీని పేరు సులూచన అంది. నేను మురిసిపోయి, నా పేరు ఎందుకు పెట్టావని అడిగాను. నా అందం చూసో, నా మంచితనం చూసో అంటుందనుకున్నాను. ఆమె ఆ మేకకు మిగిలిన చెవిని రెండు వేళ్లతో నిమిరి, "ఇది మంచిదే బిడ్డా" అంది. "కాకపోతే రెండుసార్లు పిలవాలె. ఒక పక్కనే వింటది."